అరుగు మీది పుంజు

వేటాడే అడవి టర్కీ కోడిపుంజు ఎక్కడ కూసిందో నిజం చెప్పే మనిషి మా ఓజార్క్ కొండల్లో ఇంకా పుట్టలేదు. అబద్ధమాడరాదని ఆదివారం గంటసేపు ప్రసంగించే మా పాస్టరు కూడా, చర్చి మెట్లు దిగేటప్పుడు ఎవరైనా "ఈ ఏడు పుంజులు ఎటువైపున్నాయండీ?" అంటే తూర్పున విన్నదాన్ని పడమటికి చూపిస్తాడు. దాన్ని ఎవరూ పాపం కింద జమకట్టరు. అసలు అడగటమే తప్పు. అడిగినవాణ్ణి అబద్ధంతో సాగనంపటం మర్యాద. వాడూ ఆ మర్యాద పుచ్చుకుని, చెప్పిన వైపు కాకుండా రెండో వైపు వెళ్తాడు.

మా నాన్న ఎమ్మెట్ మాగర్డ్ ఈ విద్యలో అందర్నీ మించినవాడు. ఆయన చెప్పిన చోటికి వెళ్లి ముళ్ల పొదల్లో బట్టలు చింపుకున్నవాళ్లు ఊరంతా ఉన్నారు. అలాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి నిజం చెప్పాడు. చెప్పింది డెల్మర్ స్టాల్కప్‌కి.

డెల్మర్ మా పక్క పొలం వాళ్లబ్బాయి, నా ఈడువాడు. వాడికి తుపాకీ పట్టటం నేర్పింది మా నాన్న. పుంజుల్ని రప్పించటానికి పెట్ట కూత కూసే చెక్క పెట్టెను మూతతో ఎలా రుద్దాలో నేర్పిందీ ఆయనే. డెల్మర్ ఆ పెట్టె రుద్దితే నిజం పెట్టలు కూడా తల తిప్పి చూస్తాయి, ఆ మాట కాదనను. కానీ వాడికి తిరిగి వెతికే ఓపిక లేదు. వేటకు ముందు నెలంతా మేం కొండలెక్కి ఆకులు చూస్తుంటే వాడు మనుషుల్ని చూస్తుంటాడు. ఎవరి ట్రక్కు ఎక్కడ ఆగింది, ఎవరి బూట్లకు ఏ రంగు మట్టి అంటింది, ఎవరు దాణా కొట్టులో నవ్వకుండా కూర్చున్నారు, ఇవే వాడికి జాడలు.

నాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయిన ఏడాది, వసంతంలో వాడు మా ఇంటికి వచ్చాడు. మంచం అంచున కూర్చుని నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఈ ఏడు కూడా నువ్వు వేటకి రావాల్సిందే. నేను తీసుకెళ్తా. ట్రక్కు దిగిన దగ్గర్నుంచి మోసుకెళ్తా. నువ్వు చెట్టుకి ఆనుకుని కూర్చో, చాలు. ఎక్కడికెళ్దామో నువ్వే చెప్పు."

నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పేశాడు. మా ఇంటి వెనక కొండ సగం ఎక్కాక ఇంటి అరుగులాగే చదునైన పట్టీ ఒకటుంది. దాన్ని మేం అరుగనే అంటాం. ఓ పెద్ద పుంజు రాత్రిళ్లు కింద వాగు పక్కన సైకమోర్ చెట్ల మీద వాలుతుందనీ, తెల్లారి ఎగిరి అరుగు మీద తొలి ఎండ పడే చోట దిగుతుందనీ, అక్కడ భుజాలకన్నా వెడల్పైన తెల్ల ఓక్ చెట్టు ఉందనీ, దానికి వీపు ఆనించి కదలకుండా కూర్చుంటే చాలనీ, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు.

వేట మొదలయ్యే రోజు ఇంకా చీకటుండగానే అమ్మ ఆయనకు చొక్కా గుండీలు పెట్టింది. నేను బూట్ల తాళ్లు కట్టాను. ఒళ్లో తుపాకీ పెట్టుకుని వరండాలో తన కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి రోడ్డు మీద ట్రక్కు దీపాలు కనిపించాయి. నాన్న కుర్చీలోనే కాస్త ముందుకు జరిగాడు. దీపాలు మా గేటు ముందుకొచ్చాయి. దాటిపోయాయి. మా ఇంటికి అవతల రోడ్డు రెండుగా చీలుతుంది. కుడి చీలిక పిడుదుల లోయకు, ఎడమది అరుగుకు. దీపాలు ఎడమకు తిరిగాయి.

"నాన్నా, నేను తీసుకెళ్తా పద" అన్నాను, పళ్లు నూరుతూ.

"వద్దే. మాటిచ్చాడు, తిరిగొస్తాడు. వచ్చేసరికి నేను లేకపోతే ఏమనుకుంటాడు పాపం."

తెల్లవారుతుండగా కొండ మీద నుంచి ఒక్క దెబ్బ వినిపించింది. నాన్న తల ఊపాడు.

"ఒక్కటే. అంటే శుభ్రంగా పడిందన్నమాట" అన్నాడు. మధ్యాహ్నం భోజనం దాకా కోటు విప్పనివ్వలేదు.

ఆ పుంజు తోక ఈకల్ని విసనకర్రలా పరిచి, కింద చెక్క మీద తన పేరు రాయించి, డెల్మర్ దాణా కొట్టు గోడకు కొట్టించుకున్నాడు. "నా చెవులతో నేనే పట్టుకున్నా. నెల్లాళ్లు తిరిగా" అని ఊరంతా చెప్పుకున్నాడు. ఆకులు రాలకముందే నాన్న పోయాడు. అంత్యక్రియలకు డెల్మర్ ఓ పెద్ద పందితొడ హామ్ పట్టుకొచ్చి, శవపేటిక ఓ మూల మోశాడు కూడా. వాడి చేతుల్లోంచి ఆ మూల లాగేసుకోవాలనిపించింది. అమ్మ మొహం చూసి ఊరుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. టర్కీల విషయంలో నిజం చెప్తే మా ఊళ్లో ఎవరు నమ్ముతారు? ఆ కసి చలికాలమంతా నా కడుపులోనే ఉండిపోయింది. అంట్లు తోముతున్నా, కట్టెలు కొడుతున్నా వాడి మొహమే కనిపించేది. గొడ్డలి బాగా పడేది.

నాకు వాడి ప్రాణం అక్కర్లేదు. చీకట్లో ఆశగా కూర్చుని, వేరేవాళ్ల తుపాకీ దెబ్బ వినటం ఎలా ఉంటుందో వాడికి తెలియాలి, అంతే.

మంచు కరగగానే కొండెక్కాను. వేటకు ముందు వెతికేటప్పుడు మాకు ఒకటే నియమం: పెట్టె నోరు విప్పకూడదు. ముందే పెట్ట కూత విని దగ్గరకొచ్చి మనిషిని చూసిన పుంజు మళ్లీ ఆ కూత నమ్మదు. చెవులు, కళ్లు, అంతే. ఆకులు ఎక్కడ గీరి ఉన్నాయో చూడాలి. పెట్ట రెట్ట ముద్దగా, పుంజు రెట్ట కొక్కెంలా వంకరగా ఉంటుంది. ఇసుకలో పుంజు రెక్కలు దించి ఈడ్చుకుంటూ పెట్టల ముందు వయ్యారం పోయిన గీతలు దొరికితే, ఇక అక్కడ దాని దర్బారు ఉన్నట్టే.

అరుగు మీద మొదట ఏమీ లేదు. డెల్మర్ కూడా అప్పుడే వచ్చి చూసిపోయాడు, వాడి బూటు జాడలు చూశాను. ఒట్టి నేల చూసి వెళ్లిపోయుంటాడు. నేను వదల్లేదు. నాన్న ఎప్పుడూ ఒక మాటనేవాడు. "పుంజుని వెతక్కే ఆర్విల్లా, చోటుని వెతుకు. పుంజు చచ్చిపోద్ది, చోటు చావదు. తొలి ఎండ పడాలి, దూరం దాకా కనపడాలి, వాలే చెట్టుకీ దానికీ మధ్య కంచె గానీ పడిపోయిన దుంగ గానీ ఉండకూడదు. అలాంటి చోటు ఖాళీ అయితే ఇంకోటి వచ్చి కూర్చుంటది."

వచ్చి కూర్చుంది. డాగ్‌వుడ్ పూలు విచ్చే వేళకు చలికాలపు మందలు విడిపోయి, ఓ పొద్దున సైకమోర్ల మీద నుంచి కూత వచ్చింది. పడుచు పుంజుల పగిలిన కూత కాదు, కొండ కదిలే కూత. కింద వాగు హోరు ఉంటుంది కాబట్టి రోడ్డు మీదికి అది వినిపించదు. ట్రక్కులో కిటికీ దించుకుని చెవి ఒగ్గేవాడికి అసలే వినిపించదు. ఆ తర్వాత తొలి ఎండ పడే చోట, నాన్న ఓక్ చెట్టుకు ఎదురుగా, రెక్కలీడ్చిన గీతలు దొరికాయి. అక్కడే కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం తుడుచుకుని పని మొదలుపెట్టాను.

అరుగుకు వెళ్లాల్సొచ్చినప్పుడల్లా మా పెరట్లోంచి వాగులో నడిచి వెళ్లాను, జాడ పడకుండా. ట్రక్కును మాత్రం పిడుదుల లోయ గేటు దగ్గరే పెట్టేదాన్ని. అక్కడ నాలుగు పెట్టలూ, కూత కూడా సరిగ్గా రాని పడుచు పుంజులూ ఉన్నాయి, అంతే. మిగతాదంతా పేరుకు తగ్గట్టు పిడుదులే. ఆ లోయలో ఎర్ర మట్టి ఉంటుంది. దాన్ని బూట్లకు పూసుకుని దాణా కొట్టుకు వెళ్లేదాన్ని. డెల్మర్ నా మొహం చూసేవాడు కాదు, బూట్లు చూసేవాడు.

వేట సోమవారం మొదలవుతుందనగా శనివారం కొట్టు నిండా జనం. కాఫీ, పొగాకు వాసన, అబద్ధాలు. కొట్టు నడిపే మిస్ ఓపల్ గల్లా వెనక కూర్చుని అన్నీ వింటోంది. ముసలి హోబర్ట్ పొయ్యి పక్క తన కుర్చీలో ఉన్నాడు. డెల్మర్ గోడ మీద తన తోక విసనకర్ర కిందే నిలబడ్డాడు, ఫొటోకి నిలబడ్డట్టు.

"ఏం ఆర్విల్లా, ఈ ఏడు ఎక్కడ కూర్చుంటున్నావేంటి?" అన్నాడు, నలుగురూ వినేలా.

వాడు నమ్మితే నా పని అంతే. అయినా కాఫీ కప్పు కింద పెట్టి చెప్పాను.

"మా ఇంటెనక అరుగు మీద. పోయినేడు నువ్వు కొట్టిన చోటే. వాగు పక్క సైకమోర్ల మీద వాలుతోంది. తెల్లారి అరుగు మీద దిగుతుంది. నేను తెల్ల ఓక్‌కి ఆనుకుని కూర్చుంటా."

కొట్టు కొట్టంతా విరగబడి నవ్వింది.

"అబ్బో! పెద్దాయన ఆత్మ శాంతించింది రా!" అన్నాడు హోబర్ట్ తొడ చరుచుకుంటూ. "చెట్టు పేరుతో సహా చెప్పింది చూడు! ఇంత సొగసైన అబద్ధం ఎమ్మెట్ కూడా ఆడలేదు."

"అబద్ధం కాదు హోబర్ట్. కావాలంటే ప్రమాణం చేస్తా."

"చెయ్యి చెయ్యి, పాస్టర్ కూడా చేస్తాడు."

డెల్మర్ నా బూట్ల వంక చూసి కన్ను కొట్టాడు. "నమ్మాను ఆర్విల్లా. తప్పకుండా నమ్మాను. అరుగు మీదే కదా?"

"అరుగు మీదే. నీకు తోవ తెలుసుగా."

వాడి నవ్వు కాస్త తగ్గింది. ఒక్క రవ్వే.

ఆదివారం సాయంత్రం ట్రక్కును పిడుదుల లోయ గేటు దగ్గర వదిలేసి ఇంటికి నడిచొచ్చాను. మా దగ్గర ఒక కట్టుబాటుంది: గేటు దగ్గర ముందు ఎవరి ట్రక్కు ఉంటే ఆ పొద్దుకు ఆ అడవి వాళ్లది. వెనకొచ్చినవాడు దీపాలార్పి, బండి తిప్పుకుని, ఇంకో చోటు చూసుకుంటాడు. మర్యాదస్తుడైతే. డెల్మర్ ఎలాంటివాడో నాకు తెలుసు గనకే ట్రక్కు అక్కడ పెట్టాను.

సోమవారం చీకట్లో నాన్న కుర్చీలో, ఆయన తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ లోపల దీపం ఆర్పేసింది. రోడ్డు మీద దీపాలు కనిపించాయి. మా గేటు దాటాయి. చీలిక దగ్గర ఆగాయి. ఇంజను మోగుతూనే ఉంది, బండి కదలదు. ఎడమకు తిరిగితే మళ్లీ అదే కథ, ఈసారి నా నోటితో నేనే చెప్పి పంపినట్టు. దీపాలు కుడికి తిరిగాయి. పిడుదుల లోయకు.

"పోయాడా?" అంది అమ్మ కిటికీలోంచి.

"పోయాడు."

"పిడుదులు వాణ్ణి పీక్కు తినుగాక" అంది అమ్మ. ఆమె నోట అంత పెద్ద శాపం నేనెప్పుడూ వినలేదు.

వాగులో నడిచి అరుగెక్కి, ఓక్ చెట్టుకు వీపు ఆనించాను. చెట్టు మొదట్లో ఒకచోట బెరడు నున్నగా ఉంటుంది. ఎన్నో వసంతాలు నాన్న వీపు ఆనిన చోటు అది. కొమ్మలు కాస్త తెలుస్తున్న వేళకు కింద సైకమోర్ల మీద పుంజు కూసింది. నా పక్కటెముకల్లో వినిపించింది. నేను పలకలేదు.

అప్పుడు కొండ వెన్ను అవతల, పిడుదుల లోయలోంచి డెల్మర్ పెట్టె మొదలైంది. తియ్యటి కూత. రమ్మని, అలిగి, మళ్లీ రమ్మని పిలిచే కూత. మొదట అది ఆ పడుచు పుంజుల కోసం. కానీ నా పుంజు దానికి జవాబిచ్చింది. ఆ జవాబు కొండ దాటింది కాబోలు, అవతల కూత ఒక్కసారి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా పైనుంచి. వాడికి అర్థమైంది. పుంజు ఎక్కడుందో, నేనెక్కడున్నానో, శనివారం నేను చెప్పిందేమిటో, అన్నీ అర్థమై కొండెక్కుతున్నాడు. ఎగశ్వాసతో ఎక్కుతూనే పెట్టె రుద్దుతున్నాడు. పుంజు ప్రతి కూతకూ జవాబిస్తోంది. చెట్టు దిగిందో లేదో తెలియదు. ఒకవేళ అది వాడి వైపే నడిస్తే?

"చోటుని వెతుకు" అనేవాడు నాన్న. నేను వెతికింది చోటునే. పుంజు ఎవరికి జవాబిచ్చినా, తెల్లారి నిలబడాలనుకునే చోటు ఇదే. పెట్టె ముట్టలేదు. ఎడమ చేత్తో ఎండుటాకుల్ని గీరాను, పెట్ట గింజలు ఏరుకుంటున్నట్టు. ఆగాను. మళ్లీ గీరి, ఊపిరి బిగబట్టాను.

తొలి ఎండ అరుగు మీద పడింది. అందులోకి వచ్చింది పుంజు. తోక విప్పింది, రెక్కలు నేలకు ఈడ్చింది, తల ఎర్రగా తెల్లగా నీలంగా మెరిసింది. అవతల డెల్మర్ పెట్టె చాలా దగ్గరకొచ్చింది. పుంజు మెడ చాచి అటు చూసింది.

కాల్చాను. ఒక్కటే.

డెల్మర్ కూత మధ్యలో తెగిపోయింది. ఆ తర్వాత అవతల నుంచి ఏమీ వినపడలేదు. ఆకు చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దాన్ని నేను తనివితీరా విన్నాను. పడిన పుంజు దగ్గరకు వెళ్లటం కూడా కాస్త ఆలస్యం చేశాను, ఇంకొంచెం వినాలని.

కొట్టిన పక్షిని మా దగ్గర దాణా కొట్టులోనే తూస్తారు. లోయ గేటు నుంచి ట్రక్కు తెచ్చి, పుంజును అందులో వేసుకొచ్చేసరికి పొద్దెక్కింది. మిస్ ఓపల్ దాన్ని కాటాకు తగిలించింది. హోబర్ట్ లేచొచ్చి కాలి ముల్లు బొటనవేలితో తడిమి ఈల వేశాడు. అంతలో డెల్మర్ వచ్చాడు, ఖాళీ చేతుల్తో. మెడా చంకలూ గోక్కుంటున్నాడు.

"ఎక్కడ కొట్టావు ఆర్విల్లా?" అంది మిస్ ఓపల్, కలం పట్టుకుని.

"అరుగు మీద. తెల్ల ఓక్ దగ్గర."

ఆమె కలం ఆపింది. "శనివారం చెప్పిన చోటేనా?"

"అదే."

హోబర్ట్ నోట్లో పొగాకు నమలటం మానేశాడు.

"మోసం!" అన్నాడు డెల్మర్. మొహం కందిపోయింది. "మోసం చేసింది నన్ను! పిడుదుల లోయ గేటు దగ్గర తన ట్రక్కు పెట్టి..."

"నా ట్రక్కు అక్కడుంటే నువ్వెందుకెళ్లావు లోపలికి?"

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"అదేంట్రా, గేటు దగ్గర ట్రక్కు చూసి కూడా వెళ్లావా?" అన్నాడు హోబర్ట్.

"అది కాదు విషయం! టర్కీ చోటు గురించి ఎవరైనా నిజం చెప్తారా? ఎవరైనా నమ్ముతారా? నువ్వు నమ్మావా హోబర్ట్? ఒక్కడు నమ్మాడా?"

"అంటే ఎవరు చెప్పినా నమ్మవన్నమాట" అన్నాను.

"నమ్మను!"

"మరి మా నాన్న చెప్తే ఎలా నమ్మావు డెల్మర్?"

"పెద్దాయన నాతో అబద్ధమాడడు! నేనంటే ఆయనకి కొడుకు లెక్క! నేను తీసుకెళ్తానని..."

అక్కడ ఆగాడు. ఆగాల్సిన చోటు చాలా ముందే దాటిపోయింది. అందరి కళ్లూ గోడ మీది తోక విసనకర్ర మీదికి, దాని కింద వాడి పేరు మీదికి వెళ్లాయి.

"నీ చెవులతో నువ్వే పట్టుకున్నానన్నావు" అన్నాడు హోబర్ట్ మెల్లగా. "తీసుకెళ్తానని చెప్పించుకున్నావా ఆయన దగ్గర? తీసుకెళ్లావా?"

డెల్మర్ తలుపు వైపు చూశాడు. నేను చెప్పాను.

"మా గేటు ముందు నుంచే పోయాడు. నాన్న కోటు తొడుక్కుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా విప్పలేదు."

మిస్ ఓపల్ గల్లా వెనక నుంచి లేచింది. మెట్ల బల్ల తెచ్చి గోడకు వేసి ఎక్కింది. మేకులు ఊడదీసింది. పేరు రాసిన చెక్కను విడదీసి డెల్మర్ చేతిలో పెట్టింది, తోక ఈకల్ని నా చేతిలో పెట్టింది. డెల్మర్ ఆ చెక్క పట్టుకుని, మెడ గోక్కుంటూ బయటికి నడిచాడు. తలుపు వెయ్యటం మర్చిపోతే హోబర్ట్ కాలితో నెట్టి మూశాడు.

పగ తీరాక మనసు ఖాళీ అయిపోతుందని మా పాస్టరు చెప్తుంటాడు. నాకేమీ ఖాళీ కాలేదు. ఇంటికెళ్లి అమ్మ చేసిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు గ్రేవీలో ముంచుకుని కడుపు పగిలేలా తిన్నాను. తర్వాత రెండు తోకల్నీ వరండాలో నాన్న కుర్చీ వెనక గోడకు కొట్టాను, ఆయనది పైన, నాది కింద.

ఈ వసంతంలో చర్చి మెట్ల మీద డెల్మర్ ఎదురయ్యాడు. అడగకూడదని వాడికీ తెలుసు, అయినా ఉండబట్టలేకపోయాడు.

"ఈ ఏడు ఎక్కడ ఆర్విల్లా?"

"అరుగు మీదే డెల్మర్" అన్నాను, వాడి కళ్లలోకి చూసి నవ్వుతూ.

వేట మొదటి రోజు చీకట్లో వాడి ట్రక్కు చీలిక దగ్గర ఆగింది. నేను నాన్న కుర్చీలో కూర్చుని చూశాను. ఇంజను మోగుతూనే ఉంది. తూరుపు తెల్లబడి, కొండ మీద పక్షులన్నీ లేచేదాకా ఆ దీపాలు ఎడమకూ తిరగలేదు, కుడికీ తిరగలేదు.